నాలుకని పట్టుకున్న పంపు

దెయ్యం లేదని రుజువు చెయ్యడానికి మీకు ఎంతసేపు పడుతుంది? నాకు పది నిమిషాలు చాలేది. భీమునిపట్నం చేపల రేవులోనూ, తగరపువలస సంత పాకల్లోనూ, ఆ చుట్టుపక్కల బడి వరండాల్లోనూ ఆ పది నిమిషాలూ ఎన్నిసార్లు ఖర్చుపెట్టానో లెక్కలేదు. నిప్పుల మీద నడిచి చూపించాను. కొబ్బరికాయలోంచి రక్తం కార్చి, ఆ రక్తం ఏ రంగు పొడితో తయారైందో చెప్పాను. చేతబడి చేస్తానన్నవాణ్ణి వేదిక మీదికి పిలిచి, అందరూ చూస్తుండగా నా మీద చెయ్యమన్నాను. ఈ రోజుకీ నాకు దెయ్యం మీద నమ్మకం లేదు. అయినా ఇన్నేళ్ళుగా ఒకటి నన్ను వెంటాడుతోంది. గుప్పెట్లో పట్టే లోహపు ముక్క అది. చిన్న కారులో ఇంజను పక్కన బిగించి ఉండే పెట్రోల్ పంపు.

రోడ్డు పక్క బంకు సంగతి కాదు నేను చెప్పేది. కారు వెనక టాంకులో ఉన్న పెట్రోలు ముందున్న ఇంజనుకు దానంతట అది రాదు. దాన్ని లాగడానికే ఈ పంపు. లోపల రబ్బరు పూసిన గుడ్డతో చేసిన పలచని పొర ఒకటి, రెండు చిన్న వాల్వులు. ఇంజను తిరిగినంతసేపూ పంపు పక్కనున్న లీవరు ఆ పొరని కిందికీ పైకీ ఆడిస్తుంది. ఒక వాల్వు పెట్రోలుని లోపలికి రానిస్తుంది, రెండోది ముందుకు పోనిస్తుంది. వెనక్కి మాత్రం ఏదీ పోనివ్వదు. పొర చిరిగినా, వాల్వు సరిగ్గా మూసుకోకపోయినా బండి నడిరోడ్డు మీద నిలబడిపోతుంది.

డెబ్భైల చివర్లో కొన్నాను ఆ కారు. పాతది. నా దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి చేతులు మారింది. అప్పట్లో సీతమ్మధారలో అద్దెకుంటూ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. సాయంత్రాలూ ఆదివారాలూ మా హేతువాద సంఘం సభలకని ఊళ్ళు తిరిగేవాణ్ణి. సభ వేడెక్కే వేళకి ఆఖరి బస్సు వెళ్ళిపోయేది. కారు వచ్చాక ఆ బాధ తప్పింది. నా భార్య తమ్ముడు పోర్టులో గుమాస్తా. ప్రతి సభకూ నాతో వచ్చేవాడు. వాడికి వాదనల కంటే కారు ముందుసీటు ఇష్టం.

మొదటి ఎండాకాలంలోనే కారు జబ్బు బయటపడింది. భీమిలి దారిలో కొండ ఎక్కే ఒక మలుపు దగ్గర, మిట్టమధ్యాహ్నం, ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయేది. అరగంట ఊరుకుంటే మళ్ళీ కదిలేది. నాలుగుసార్లు ఆగింది, నాలుగుసార్లూ అక్కడే. సముద్రంలో మునిగి చచ్చిపోయిన ఒక ఆడమనిషి ఆ మలుపులో కూచుంటుందనీ, నిమ్మకాయ తొక్కించకుండా వెళ్ళే బండిని చేత్తో పట్టుకుంటుందనీ పక్క పల్లెవాళ్ళు చెప్పారు. నాకు పండగే అయింది. ఎండకీ ఎక్కుడుకీ ఇంజను కాగిపోయి, పంపులోని పెట్రోలు ఆవిరైపోతోంది. ఆవిరిని పంపు లాగలేదు. ఐదోసారి పల్లె జనాన్ని పోగుచేసి, వాళ్ళ ఎదురుగా ఒక గుడ్డని తడిపి పంపు మీద వేశాను. కాసేపట్లో బండి కదిలింది. మీ ఆడమనిషికి తడిగుడ్డంటే భయంలా ఉందే అన్నాను. జనం నవ్వారు. ఒక ముసలామె మాత్రం నవ్వలేదు. మునిగిపోయింది ఆమె కూతురేనని తర్వాత ఎవరో చెప్పారు. ఆ రోజు నేను దాన్ని పట్టించుకోలేదు.

తడిగుడ్డతో రెండు మూడేళ్ళు లాగించాను. ఎనభైల మొదట్లో పంపు అడుగున ఉన్న చిన్న రంధ్రంలోంచి పెట్రోలు చుక్కలు పడటం మొదలైంది. పాత పోస్టాఫీసు వెనక సందులో మంచి పనివాడున్నాడని బావమరిది నన్ను తీసుకెళ్ళాడు. ఆయన పాత టౌను ముస్లిం. యాభై దాటిన మనిషి, తెల్లటోపీ, నెరిసిన గడ్డం. అందరూ భాయ్ అనేవారు, నేనూ అలాగే అన్నాను. తాటాకు పందిరి కింద ఒక బల్ల, అదే ఆయన వర్క్‌షాపు. వాన పడితే పని బంద్. హార్బరు నుంచి ఎగిరొచ్చే ఎర్రటి ఖనిజం దుమ్ము ఆ వీధిలో కిటికీల మీదా, ఆరేసిన బట్టల మీదా పేరుకునేది. ఆయన మాత్రం బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచి, విప్పిన ప్రతి మరనీ విప్పిన వరసలోనే దాని మీద పెట్టేవాడు.

పంపు విప్పి, లోపలి పొరని వెలుతురుకి పట్టి చూపించాడు. వెంట్రుకంత చీలిక. రెండేళ్ళకోసారి ఈ పొర మార్చాలనీ, చుక్క పడేదాకా ఆగకూడదనీ, వేడి ఇంజను మీద పెట్రోలు పడితే ఏమవుతుందో నాకు చెప్పక్కర్లేదనీ మందలించాడు. అడుగున పేరుకున్న మడ్డి తుడిచాడు. జల్లెడ కడిగాడు. కొత్త పొర వేస్తూ, తన సంగతి చెప్పుకొచ్చాడు.

స్టీల్ ప్లాంటు కట్టుబడి పనులు చేసే ఒక కాంట్రాక్టరుకి జీపులూ కార్లూ చాలా ఉన్నాయి. వాటి మరమ్మతు మొత్తం ఈయనకి ఇచ్చే మాట నడుస్తోంది. ఆ కాంట్రాక్టరు బళ్ళు చూసే సూపర్‌వైజరు రెండు జీపులు పంపి పనితనం చూశాడు. నచ్చిందన్నాడు. ఖాయమైతే గాజువాక దగ్గర రేకుల షెడ్డు వేసుకోవాలి. ఆ షెడ్డు ఎలా ఉండాలో సుద్దముక్కతో బల్ల చెక్క మీద గీసి చూపించాడు. ఇక్కడ బండి కిందికి దిగే గొయ్యి, ఇక్కడ పనిముట్లు తగిలించే గోడ, ఇటు పక్క నమాజుకి చాప పరుచుకునే చోటు. ముప్ఫై ఏళ్ళుగా వాన వస్తే పనిముట్లు గుడ్డలో మూటకట్టుకుని ఎవరి చూరు కిందికో పరిగెత్తిన మనిషి. షెడ్డు అన్న మాట వచ్చినప్పుడల్లా గొంతు తగ్గించేవాడు, గట్టిగా అంటే అది ఎగిరిపోతుందేమో అన్నట్టు.

పంపు ఇంజనుకి బిగించే ముందు ఆయన ఒక పని చేశాడు. బిస్మిల్లా అన్నాడు. పంపుని నోటి దగ్గరికి తెచ్చుకుని ఒక గొట్టంలోకి గట్టిగా ఊదాడు. తిప్పి, రెండో గొట్టానికి నాలుక ఆనించి, కళ్ళు మూసుకుని, లీవరు రెండుసార్లు నొక్కి అలాగే ఉండిపోయాడు. ఎడమచేతి బొటనవేలు ఆ చేతి వేళ్ళ కణుపుల మీద ఒక్కొక్కటిగా కదిలింది, జపం చేసేవాళ్ళ వేలు కదిలినట్టు.

"ఏం భాయ్, మంత్రమా?" అన్నాను.

పంపుని నోటి నుంచి తీసి, పెదాలు తుడుచుకుని నవ్వాడు. "అవును మాస్టారూ, మంత్రవే. నాను ఊదకపోతే మీ బండి కదల్దు."

బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "సూసినావా బావా, నీ బండికి తాయెత్తు కట్టించీసినాడు. రేపు నీ సభలో ఏటని సెప్తావ్?"

ఏమని చెప్పానో వినండి. నెల తిరక్కుండా టౌన్లో ఒక హాల్లో పెద్ద చర్చ పెట్టారు. మూఢనమ్మకాలూ యంత్రయుగమూ అన్నది విషయం. నాకు ఎదురుపక్షం మాట్లాడినాయన గట్టివాడు. బళ్ళూ ఫ్యాక్టరీలూ వస్తే ఈ నమ్మకాలు వాటంతట అవే రాలిపోతాయి, వాటి మీద ఇంత యుద్ధం దండగ అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నా వంతు వచ్చేసరికి జనం కుర్చీల్లో కదులుతున్నారు. నా దగ్గరున్న పాత ఉదాహరణలేవీ పనికొచ్చేలా లేవు. అప్పుడు భాయ్ గుర్తొచ్చాడు.

పేరు చెప్పలేదు. చెప్పే పని లేకుండా చేశాను. పాత పోస్టాఫీసు వెనక, తాటాకు పందిరి కింద, కార్లకు మంత్రం వేసే మెకానిక్కు ఉన్నాడన్నాను. టేబులు మీది మంచినీళ్ళ గ్లాసుని పంపులా పట్టుకుని ఊదాను, నాలుక ఆనించాను, కళ్ళు మూసుకుని వేళ్ళ మీద జపం చేశాను. జనం విరగబడి నవ్వారు. ఉక్కు కరిగించబోయే ఊళ్ళో మనం ఇంజన్ల మీద మంత్రాలు ఊదుతున్నాం, యంత్రం వచ్చినంత మాత్రాన మూఢత్వం పోదు, దాని మీదికెక్కి కూచుంటుంది అన్నాను. ఆ మాట మర్నాడు టీకొట్ల దగ్గర కూడా వినిపించింది. నేను అంతకు ముందూ ఆ తర్వాతా అంత బాగా మాట్లాడింది లేదు. హాల్లో సగంమంది స్టీల్ ప్లాంటు పనుల మీద ఊళ్ళోకి వచ్చిన ఇంజనీర్లూ సూపర్‌వైజర్లూ. వాళ్ళు నవ్వడం నేను చూశాను. చూసి ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ మాట్లాడాను.

ఏడాది దాటాక పంపు మళ్ళీ మొరాయించింది. ఈసారి పొర మారిస్తే సరిపోయేది కాదు. పంపు ఒంటికే బీట పడింది. బజారులో కొత్త పంపు కొనుక్కుని భాయ్ దగ్గరికి వెళ్ళాను. అదే తాటాకు పందిరి, అదే బల్ల. సుద్దగీతలు లేవు. షెడ్డు ఎంతవరకు వచ్చిందని అడిగాను. అవ్వలేదన్నాడు. ఎందుకని అడగలేదు నేను. ఆయన తల ఎత్తలేదు.

అట్టపెట్టెలోంచి కొత్త పంపు తీశాడు. గుడ్డతో తుడిచాడు. తిన్నగా తీసుకెళ్ళి ఇంజనుకి పెట్టి రెండు బోల్టులూ బిగించేశాడు.

"ఊదలేదేం భాయ్?" అన్నాను.

"మీరు సెప్పీసినారు కదా మాస్టారూ. ఇంకెందుకు?" అన్నాడు. కోపంగా అనలేదు. చెయ్యి తుడుచుకుంటూ, మామూలు మాటలాగే అన్నాడు.

నా ఉపన్యాసం ఆయన దాకా చేరిందన్నమాట. నాకు సంతోషం వేసింది. ఊళ్ళు తిరిగి గొంతు చించుకున్నందుకు ఒక్క మనిషైనా మారాడనుకున్నాను. ఇంటికొచ్చేదాకా ఈల వేస్తూ బండి నడిపాను. ఈ ఈల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున్నే, బావమరిదితో తగరపువలస వెళుతుంటే హైవే మీద బండి ఆగిపోయింది. మాఘమాసపు చలి ఇంకా పోలేదు. ఎండ మీద నెట్టడానికి లేదు. అలవాటు కొద్దీ తడిగుడ్డ వేశాను, లాభం లేదు. పోర్టు వైపు వెళ్ళే ఒక లారీ పక్కకి తీసి ఆగింది. డ్రైవరు అక్కడి పల్లె రైతే. ఊళ్ళో రెండెకరాలున్నాయనీ, అవి కడుపు నింపక లారీ ఎక్కాననీ మాటల్లో చెప్పాడు. నన్ను తప్పుకోమని, పంపు విప్పి చేతిలోకి తీసుకున్నాడు. గొట్టానికి నాలుక ఆనించి లీవరు నొక్కి, వెంటనే తీసి ఉమ్మేశాడు.

"ఎవుడు బిగించినాడు మాస్టారూ దీన్ని? నోరెట్టి సూడలేదేటి?"

నోరు పెట్టి చూడటమేమిటని అడిగాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. గొట్టం తుడిచి, నా నోటికి అందించి, నాలుక ఆనించమన్నాడు. తనే లీవరు నొక్కాడు. పెట్రోలు వాసన తప్ప ఏమీ లేదు.

"పట్టలేదు కదా? వాల్వు కూకోలేదు. మంచి పంపయితే నాలిక లాగి పట్టుకుంటాది, పది లెక్కెట్టీదాకా వదల్దు. బజారు సరుకులో ఎన్నో ఇలాటివొస్తాయి. అందుకే నోరెట్టి సూసి బిగిత్తారు ఎవులైనా."

పంపు విప్పి, వాల్వు కింద ఇరుక్కున్న సన్నని లోహపు పొట్టుని పిన్నీసుతో తీశాడు. మళ్ళీ మూసి, మళ్ళీ నా నోటికి అందించాడు. ఈసారి పట్టుకుంది. చల్లగా, గట్టిగా, నాలుకని మొదలంటా పీకుతున్నట్టు. ఏదో అనబోయాను. మాట రాలేదు. లెక్కపెట్టడానికి నోరు ఖాళీ లేదు. అప్పుడు నా ఎడమచేతి బొటనవేలు దానంతట అదే కణుపుల మీద కదిలింది. ఒకటి. రెండు. మూడు.

ఐదో కణుపు దగ్గర నాకు భాయ్ కనిపించాడు. కళ్ళు మూసుకుని, బొటనవేలు కదుపుతూ.

ఊదడం ఒక వాల్వుకి పరీక్ష. నాలుక ఆనించడం రెండోదానికి. నేను ఏటా అరవైమంది విద్యార్థులకు వాల్వు బొమ్మ బోర్డు మీద గీసి, గాలి ఒత్తిడి గురించి గంటసేపు చెప్పేవాణ్ణి. నా పాఠం నా కళ్ళముందు ఒక మనిషి నోటితో చేసి చూపిస్తుంటే నాకు టోపీ కనిపించింది, గడ్డం కనిపించింది, కదిలే వేలు కనిపించింది. బిస్మిల్లా వినిపించింది. మంత్రమా అని అడిగింది నేను. ఆయన నవ్వులాటగా అవునన్నాడు. ఆ నవ్వుని నేను ఒప్పుకోలుగా రాసుకుని సభలో చదివాను. రుజువు లేనిదే ఏదీ నమ్మొద్దని అరిచిన నోరే అది.

బావమరిది నా మొహం చూడలేదు. తిరుగు దారిలో ఒక్కటే అన్నాడు. "బావా, ఆ సూపర్‌వైజరు ఆ రోజు హాల్లో ఉన్నాడు. నాకు తెల్సు. నీకు సెప్పలేదు."

మర్నాడు భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన నాకు స్టూలు తుడిచి వేశాడు. నిలబడే చెప్పాను, జరిగిందంతా. సూపర్‌వైజరు సంగతి అడిగాను. ఆయన దాచలేదు. సభ అయిన వారానికి ఆ మనిషి జీపు దిగి, మా బళ్ళు మంత్రాలతో నడవవు భాయ్ అని నవ్వి, వెళ్ళిపోయాడట. కాంట్రాక్టు ఇంకెవరికో పోయింది. ఆ తర్వాత వీధిలో ఈయన పంపు నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు ఆమీన్ అని అరిచేవారట. అందుకని నోరు పెట్టడమే మానేశాడు.

"మీరయినా చెప్పొచ్చు కదా, అది పరీక్ష అని" అన్నాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది ఆ మాటకి.

"అడగలేదు కదా మాస్టారూ" అన్నాడు.

క్షమించమన్నాను. చేతులు పట్టుకోబోయాను. ఆయన చేతులకు గ్రీజుందని వెనక్కి తీసుకున్నాడు.

"నాకు సెప్పి ఏటి లాభం? అది మంత్రం కాదని నాకు తెల్సు కదా. ఆళ్ళకి సెప్పండి. ఆ హాల్లో సెప్పండి. సూపర్‌వైజరు ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు."

చెబుతానన్నాను. ఇప్పుడు నేను ఏం చేశానో చెప్పాలి. ఏమీ చెయ్యలేదు. వచ్చే సభలో అనుకున్నాను. ఆ సభకి ఎదురుపక్షంవాళ్ళు వస్తున్నారని తెలిసి, వాళ్ళ చేతికి కత్తి ఇవ్వడమెందుకని ఆగాను. సంఘం పెద్దలు, ఒక చిన్న పొరపాటు కోసం ఉద్యమాన్ని పలచన చెయ్యొద్దన్నారు. నాకు కావలసింది కూడా అదే మాట. ఆ ఉపన్యాసాన్ని జనం ఇంకా మెచ్చుకుంటూనే ఉన్నారు. వేరే ఊళ్ళలో అది చెప్పమని అడిగేవారు. నేను ఇంక చెప్పలేదు గానీ, వాళ్ళు దాన్ని మెచ్చుకుంటే తల కూడా అడ్డంగా ఊపలేదు.

భాయ్ దగ్గరికి వెళ్ళడం మానేశాను. పంపు నా చేతులతో నేనే విప్పి బిగించడం నేర్చుకున్నాను. రెండు వర్షాకాలాలు గడిచాక ఒకసారి ఆ సందులోకి వెళితే పందిరి లేదు. రొమ్ములో నెమ్ము చేరి పోయాడని పక్కింటాయన చెప్పాడు. వాన రోజుల్లో, తడుస్తూ పనిచేసి తెచ్చుకున్నాడన్నాడు. వానొస్తే పని ఆపే మనిషి కదా అన్నాను. బేరాలు తగ్గాక వానొచ్చినా ఆపేవాడు కాదన్నాడు.

కారు ఎనభైల చివర్లో అమ్మేశాను. అమ్మేదాకా రెండేళ్ళకోసారి పొర మార్చాను, మార్చిన ప్రతిసారీ నోరు పెట్టి చూశాను, ప్రతిసారీ అది నాలుకని పట్టుకుంది. ఆ పట్టు కారుతోనే పోతుందనుకున్నాను. పోలేదు. నేను వేదిక ఎక్కి, మైకు సరిచేసుకుని, మొదటి మాట అనబోయే ముందు నాలుక కొసన పెట్రోలు రుచి తగులుతుంది. చల్లగా ఒక లాగుడు. ఎదురుగా మూడో వరసలోనో నాలుగో వరసలోనో కళ్ళు మూసుకున్న ఒక మనిషి ఉంటాడు. నాకు తెలుసు, అక్కడ ఎవరూ ఉండరు. రుచి జ్ఞాపకంలోంచి వస్తుందనీ, నరాలకి కూడా అలవాట్లుంటాయనీ మీకు పది నిమిషాల్లో రుజువు చెయ్యగలను. నేను ఆ రుజువు చాలాసార్లు చేసుకున్నాను. పట్టు వదల్లేదు.

చివరికి అదే హాల్లో చెప్పాను. భాయ్ పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. పాతికమంది వచ్చారు. ఆనాడు నవ్వినవాళ్ళలో ఒక్కరూ లేరు. సూపర్‌వైజరు ఏ ఊరికి బదిలీ అయ్యాడో తెలియదు. నేను చెప్పింది విని ఆ పాతికమందీ లేచి, నా నిజాయితీకి చప్పట్లు కొట్టారు. ఆ మనిషి బతుకు రెండోసారి కూడా నాకే చప్పట్లు తెచ్చింది.

మీరు నలుగురి ముందు ఎవరినైనా మూఢుడన్నారా? ఏం చేస్తున్నావని అడగకుండానే అన్నారా? ఇది చదివి నిట్టూర్చి పక్కన పెట్టకండి. లేవండి. ఎవరి ముందు అన్నారో వాళ్ళని పోగుచెయ్యండి. ఆ మనిషిని మీ పక్కన నిలబెట్టుకోండి. అప్పుడు నవ్వించిన గొంతుతోనే, నేనన్నది తప్పు అని చెప్పండి. ఆయన పని ఆయనకింకా ఉండగానే, ఇవాళే వెళ్ళి చెప్పండి.